పెద్దావిడ చేతికి ఏ తుపాకీ? .32 రివాల్వరా, పిస్టలా, చిన్న .22నా?

హైదరాబాద్‌లో ఆయుధాల షాపుకి ఒక పెద్దావిడని తీసుకెళ్తే కౌంటర్ మీదకి మొదట వచ్చేది అన్నిటికన్నా చిన్నది, తేలికది. "లేడీస్ కోసమే చేసింది మేడమ్, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది" అంటారు. అరవై దాటిన చేతికి చాలాసార్లు అదే సరిపడదు. తేలికైన తుపాకీ మోయడానికి సుఖం, పేల్చడానికి కష్టం. అమ్మకైనా, అత్తగారికైనా, పిన్నికైనా ఎంచేటప్పుడు ముందు చూడాల్సినవి రెండే. ఆమె చూపుడువేలు ట్రిగ్గర్‌ని చివరిదాకా లాగగలదా? ఎవరి సాయం లేకుండా ఆమె దాన్ని తెరిచి ఖాళీ చేయగలదా? ధర, బరువు, కంపెనీ పేరు అన్నీ వీటి తర్వాతే.

లైసెన్సు సంగతి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. లైసెన్సు ఆమె పేరు మీదే ఉండాలి. కొడుకు తన లైసెన్సు మీద రివాల్వర్ కొని, అమ్మ బీరువాలో పెట్టి విమానం ఎక్కేస్తే 1959 ఆయుధాల చట్టం కింద ఇద్దరూ ఇరుక్కుంటారు. దరఖాస్తు ఫారం ఎ-1. ఇల్లు ఏ పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉంటే అక్కడి కమిషనరే లైసెన్సు ఇచ్చే అధికారి. శారీరక, మానసిక ఆరోగ్యం బాగుందని డాక్టరు ఇచ్చే ఎస్-3 సర్టిఫికెట్, తుపాకీని ఇంట్లో భద్రంగా ఎక్కడ పెడతారో వివరం, పోలీసు విచారణ, శిక్షణ ఇవన్నీ ఉంటాయి. "ఒంటరిగా ఉంటున్నాను, భయంగా ఉంది" అన్న ఒక్క ముక్కతో పని జరుగుతుందని ఆశ పెట్టుకోకండి. బెదిరింపు ఉంటే దాని తాలూకు ఫిర్యాదులు, ఎఫ్ఐఆర్ కాగితాలు జత చేయాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ఒక మనిషికి రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు.

ఇంకో మాట. అమెరికా యూట్యూబ్ వీడియోల్లో చూపించే 9 మిల్లీమీటర్ల పిస్టళ్ల గురించి మర్చిపోండి. ఆ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, మన దగ్గర మామూలు పౌరులకి నిషిద్ధం. మిగిలేది ముఖ్యంగా మూడు దారులు: .32 రివాల్వర్, .32 పిస్టల్, .22 రివాల్వర్. ఈ .32, .22 అన్నవి అంగుళాల్లో బోరు కొలతలు. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్ గదుల్లో ఉంటాయి, పిస్టల్‌లో అయితే పిడిలోకి దూర్చే మ్యాగజైన్ అనే డబ్బాలో. విదేశీ తుపాకులు షాపుల్లోకి దిగుమతి కావడం 1980ల్లోనే ఆగిపోయింది కాబట్టి కొత్తది అంటే దాదాపుగా ఇక్కడ తయారైనదే.

షాపుకి వెళ్లేముందు ఇంట్లో చేసే పరీక్షలు

పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి హైదరాబాద్ ఇంట్లోనూ సూట్‌కేసులు తూచే చేతి కాటా ఒకటి ఉంటుంది. అదే ఇక్కడ పనికొస్తుంది. కాటా కొక్కేనికి మెత్తటి గుడ్డ చుట్టండి. పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు టేబుల్ మీద ఆనించి, మిగతా వేళ్లతో టేబుల్ అంచు పట్టుకోమనండి. మీరు కాటాని ఎదురుగా కదలకుండా పట్టుకోండి. ఆమె చూపుడువేలు ఒక్కదాన్నే కొక్కేనికి వేసి తన వైపు మడవాలి. చేయి మొత్తం వెనక్కి లాగితే లెక్కలోకి రాదు.

రివాల్వర్‌లో సుత్తిని (తూటా పేలేలా వెనక నుంచి కొట్టే భాగాన్ని) ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే కావలసిన బలం మామూలుగా నాలుగున్నర నుంచి ఆరున్నర కిలోల మధ్య ఉంటుంది. అందుకని కాటా ఆరు కిలోలు చూపించాలి, అదీ వరుసగా ఆరుసార్లు, మధ్యలో చేయి విదిలించుకోకుండా. ఆరు వచ్చిందా, దాదాపు ఏ రివాల్వరైనా చూడొచ్చు. నాలుగుకీ ఆరుకీ మధ్య ఆగితే ట్రిగ్గర్ మెత్తగా ఉన్న ముక్కని, అంటే అలాంటి ఒక్క తుపాకీని, వెతకాలి, దొరకొచ్చు, దొరకకపోవచ్చు. నాలుగు లోపే ఉంటే రివాల్వర్ ఆలోచన మానుకోవడమే మంచిది. "సుత్తి వెనక్కి లాగిపెట్టుకుంటే ట్రిగ్గర్ తేలికవుతుంది కదా" అని షాపతను అంటాడు. నిజమే, కిలోన్నర రెండు కిలోలకి పడిపోతుంది. కానీ సుత్తి లాగి ఉన్న రివాల్వర్ పట్టుకుని చేతులు వణుకుతున్న మనిషి, ఎదుట పనిమనిషి కొడుకే వచ్చాడని తెలిసినప్పుడు, ఆ సుత్తిని బొటనవేలితో నెమ్మదిగా దించాలి. కీళ్లవాతం ఉన్న బొటనవేలు అక్కడ జారితే పేలిపోతుంది. పెద్దవాళ్లకి ఆ అలవాటు అసలు నేర్పకూడదు.

రెండో పరీక్ష లీటరు బాటిల్‌లో 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, రెండు చేతులతో పట్టుకుని ముందుకి చాపమనడం. ముప్ఫై సెకన్లు. భుజం కిందికి దిగిపోతే బరువు ఎక్కువైందని అర్థం, బాటిల్ మూత గాల్లో సున్నాలు చుడుతుంటే వణుకు ఎక్కువ అని అర్థం. మొదటిది రోజూ సాధనతో కొంత తగ్గుతుంది, రెండోది తగ్గదు. మూడోది ఇంకా చిన్నది: కొత్త నీళ్ల బాటిల్ సీలు మూత ఆమె తనంతట తను తిప్పగలుగుతోందా? ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తీసి ఇస్తుంటే పిస్టల్ స్లైడుని (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగాన్ని) లాగడం ఆమె వల్ల కాదు. ఆ వరుసని జాబితాలోంచి అప్పుడే కొట్టేయొచ్చు.

కళ్ల విషయం చాలామంది పట్టించుకోరు. గురి చూసేటప్పుడు స్పష్టంగా కనపడాల్సింది దూరంగా ఉన్న మనిషి కాదు, చేయి చాపినంత దూరంలో గొట్టం చివర ఉన్న చిన్న బొడిపె. దగ్గరివి చూసే అద్దాలకి అది దూరం, దూరపు అద్దాలకి దగ్గర. కంప్యూటర్ ముందు పెట్టుకునే అద్దాల పవరే దీనికి సరిపోతుంది. బైఫోకల్స్ ఉన్నావిడ తల పైకెత్తి కింది అద్దంలోంచి చూడబోయి మెడ పట్టేయించుకుంటుంది. శుక్లాల ఆపరేషన్ వాయిదా పడుతూ ఉంటే ముందు అది చేయించండి.

ఇక ఒక్కొక్కటిగా

.32 రివాల్వర్ మార్క్-3. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీది. ఆరు తూటాలు, మూడంగుళాల గొట్టం, 700 గ్రాముల ఉక్కు. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో నడుం దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది. అలా పూర్తిగా తెరవగానే మధ్యలో ఉన్న నక్షత్రం ఆకారపు ముక్క పైకి లేచి పేలిన తూటాల ఖాళీ తొడుగులన్నిటినీ ఒకేసారి బయటకి నెట్టేస్తుంది. పెద్దావిడ చేతికి ఇది పెద్ద వరం, తొడుగుల్ని విడిగా పొడిచి తీయాల్సిన పని లేదు. చిక్కంతా తెరిచే మీట దగ్గర. అది ఫ్రేముకి ఎడమ పక్కన ఉంటుంది, కుడిచేతి బొటనవేలితో బలంగా నొక్కాలి. కొన్ని ముక్కల్లో కొత్తగా ఉన్నప్పుడు ఇది బాగా బిగుసుకుని ఉంటుంది. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నావిడ షాపులోనే పదిసార్లు తెరిచి మూసి చూడాలి.

ఇందులో జరిగే ఇంకో తేడా: భయపడుతూ సగమే తెరిస్తే ఒక తొడుగు ఆ నక్షత్రం కిందకి జారి ఇరుక్కుంటుంది. ఇక రివాల్వర్ మూయడానికీ రాదు, తెరవడానికీ రాదు. నెమ్మదిగా తెరిచి "జాగ్రత్తగా" చేద్దామనుకునే వాళ్లకే ఇది ఎక్కువ. రివాల్వర్‌ని కాస్త పక్కకి వంచి, ఒక్క విసురులో చివరిదాకా తెరవడం నేర్పాలి.

నిర్భీక్. 2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఆడవాళ్ల రివాల్వర్ అని పేపర్లన్నీ రాసినది ఇదే. టైటానియం మిశ్రమలోహంతో బరువు దాదాపు అర కిలోకి తగ్గించారు. విడుదల నాటి ధర 1.22 లక్షలు. తూటా అదే .32, గదులు అవే ఆరు. కాబట్టి మీరు ఎక్కువ డబ్బు ఇచ్చి కొంటున్నది 200 గ్రాముల తగ్గింపుని. ఆ తగ్గింపుతో అదే తూటా వెనక్కి తన్నే శక్తి 700 గ్రాముల దానికన్నా దాదాపు 40 శాతం పెరుగుతుంది. .32 మెత్తని తూటా కాబట్టి మణికట్టు విరిగేంత ఏమీ ఉండదు, కానీ మూడో తూటా దగ్గరికి వచ్చేసరికి అరచేయి మండుతుంది, నాలుగోది పేల్చేముందు ఆమె కళ్లు మూసుకుంటుంది. ఇంకో నష్టం ఉంది, దాన్ని షాపులో ఎవరూ చెప్పరు. అయిదు కిలోల ట్రిగ్గర్‌ని లాగేటప్పుడు తుపాకీని కదలకుండా నిలిపేది దాని బరువే. అర కిలో తుపాకీ అదే లాగుడికి పక్కకి తిరిగిపోతుంది. రోజంతా బ్యాగులో మోసే నలభై ఏళ్ల వకీలుకి నిర్భీక్ పనికొస్తుంది. ఇంట్లో పెట్టుకునే డెబ్బై ఏళ్ల ఆవిడకి 200 గ్రాములు కలిసొచ్చి ఒరిగేదేమీ లేదు.

ప్రబల్. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని 2021 అక్టోబరులో రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అందులో కాన్పూర్‌లో ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ కంపెనీ 2023 ఆగస్టులో తెచ్చింది ఇది. 76 మిల్లీమీటర్ల గొట్టం, తూటాలు లేకుండా 675 గ్రాములు. సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా కొడుతుందని ప్రకటనల్లో గట్టిగా చెప్పుకున్నారు, ఇంటి హాల్లో అయిదు మీటర్ల దూరానికి ఆ అంకెతో పనేముంది? అసలు లాభం ఆ పక్కకి తెరుచుకోవడంలో ఉంది. మీట బిగుతు గొడవ తగ్గుతుంది, లోపల తూటాలు ఉన్నాయా లేవా ఒక్క చూపులో తెలుస్తుంది. ఖాళీ తొడుగులు తీయడానికి మాత్రం గొట్టాన్ని ఆకాశం వైపు నిలబెట్టి, ముందున్న కడ్డీని ఎడమ అరచేత్తో ఒక్కసారి గట్టిగా కొట్టాలి. గొట్టం కిందకి ఉండగా నెడితే ఇక్కడా తొడుగు ఇరుక్కుంటుంది. బొటనవేలు నొప్పి, అరచేయి బాగుంది అనుకుంటే మార్క్-3 కన్నా ప్రబలే నయం.

ఉత్తరప్రదేశ్ సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరు మీద ఒక ప్రైవేటు కంపెనీ కూడా .32 రివాల్వర్ చేస్తోంది, మొదట ప్రకటించిన ధర 1.60 లక్షలు. ఆకారం, వాడకం మార్క్-3 లాంటివే. పేరుకి పెట్టే అదనపు డబ్బు పెద్దావిడ వేలికి ఏం తేలిక చేస్తుందో ఆ ముక్కని చేతిలోకి తీసుకుని తేల్చుకోవాలి.

నిడర్. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన ఎనిమిది తూటాల .22 రివాల్వర్. బరువు 250 గ్రాములు, వచ్చినప్పుడు ధర 35 వేలు. జాబితాలో అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా తేలిక, .22 తూటాకి తన్ను నామమాత్రం. కాగితం మీద పెద్దావిడకి ఇదే సరైనది అనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది: పిడి మీద రెండు వేళ్లే ఆనతాయి, చిటికెన వేలు గాల్లో ఉంటుంది. 250 గ్రాముల వస్తువు మీద కిలోల లెక్కన ట్రిగ్గర్ లాగితే గురి ఎటు పోతుందో పైన చెప్పిందే. .22లో మందుని వెలిగించే రసాయనం తొడుగు అంచు చుట్టూ ఉంటుంది, మధ్యలో కాదు. అది అన్నిచోట్లా సమంగా పరుచుకోకపోతే సుత్తి పడినా తూటా పేలదు. .32 తో పోలిస్తే ఈ తుస్సుమనడం ఎక్కువ. రివాల్వర్ కాబట్టి మళ్లీ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, అది ఒక్కటే ఊరట. పైగా .22 రివాల్వర్‌ని ఖాళీగా టకటకా నొక్కుతూ సాధన చేస్తే తూటాని గుద్దే సూది సిలిండర్ అంచుకి తగిలి దెబ్బతినొచ్చు, ప్లాస్టిక్ డమ్మీ తూటాలు పెట్టుకునే చేయాలి. బడ్జెట్ నిజంగా ఇంతే అయితే తప్ప దీన్ని ఎంచమని చెప్పలేం.

.32 పిస్టల్. అశని లాంటివి. సన్నగా, అందంగా ఉంటాయి, ఎనిమిది తూటాల మ్యాగజైన్, ట్రిగ్గర్ రివాల్వర్ కన్నా తేలిక. ఈ చివరి గుణం చూసి కొడుకులు దీని వైపు మొగ్గుతారు. ఈ పిస్టళ్లలో తూటా పేలినప్పుడు స్లైడుని ఆపేది లోపలి స్ప్రింగు, స్లైడు బరువు మాత్రమే, అందుకే ఆ స్ప్రింగుని గట్టిగా పెడతారు. ఆ స్ప్రింగుకి ఎదురు లాగి స్లైడుని వెనక్కి తేవాలి. నీళ్ల బాటిల్ మూత తీయలేని చేయి ఇది తీయలేదు. ఎడమచేత్తో స్లైడు పట్టుకుని కుడిచేత్తో పిడిని ముందుకి నెట్టడం అనే చిట్కా కొంత పని చేస్తుంది, నిద్రలోంచి లేచిన మనిషికి అది గుర్తుంటుందా అన్నదే ప్రశ్న. గుర్తుండదని తూటాని ముందే గొట్టం వెనక గదిలోకి ఎక్కించి పెడితే ఇంట్లో రోజూ పేలడానికి సిద్ధంగా ఉన్న పిస్టల్ ఉన్నట్టు.

మణికట్టు వదులుగా పట్టుకుంటే పిస్టల్ మొత్తం వెనక్కి కదిలిపోయి స్లైడు పూర్తిగా తెరుచుకోదు, ఖాళీ తొడుగు బయటకి వచ్చే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. పెద్దవాళ్ల చేతుల్లో తరచూ కనపడే జబ్బు ఇదే. అన్నిటికన్నా ప్రమాదం మ్యాగజైన్ తీసేసి "ఖాళీ చేశాను" అనుకోవడం. గదిలో ఒక తూటా అలాగే ఉంటుంది. మరుపు మొదలైన వయసులో ఈ ఒక్క కారణం చాలు, పిస్టల్ వద్దనడానికి.

పాత విదేశీ చిన్న పిస్టళ్లు, .25 బోరువి కొన్ని, తాతల కాలం నుంచి చేతులు మారుతూ ఉంటాయి. చూడముచ్చటగా ఉంటాయి, తూటాలు దొరకడం గగనం. వదిలేయండి.

వరుస పెట్టమంటే: వేలిలో ఆరు కిలోల బలం, బొటనవేలు బాగుంటే మార్క్-3. బొటనవేలు నొప్పి అయితే ప్రబల్. రోజూ బయట తిరుగుతూ మోయక తప్పని వాళ్లకి నిర్భీక్. నిడర్ బలవంతపు చివరి ఎంపిక. పిస్టల్ ఏ వయసులోనో ముందే బాగా నేర్చుకుని ఉన్నావిడకి తప్ప వద్దు. వేలి బలం నాలుగు కిలోల లోపు ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా, మరుపు జబ్బు ఛాయలు ఉన్నా, భర్త పోయాక మనసు బాగా కుంగి ఉన్నా తుపాకీ కొనొద్దు. ఆ డబ్బుతో తలుపుకి లోపలి గొలుసు, ఇనుప జాలీ తలుపు, కెమెరా, 112కి ఒక్క నొక్కులో వెళ్లేలా పెట్టిన ఫోను ఇవి ఆమెని ఎక్కువ కాపాడతాయి.

కౌంటర్ దగ్గర

ఒకే మోడల్‌లో రెండు మూడు ముక్కలు చూపించమని అడగండి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే బ్యాచ్ అయినా ట్రిగ్గర్లు ఒకేలా ఉండవు. ఒకటి నునుపుగా సాగుతుంది, ఇంకొకటి మధ్యలో ఇసుక నలిగినట్టు తగులుతుంది. పెద్దావిడనే వెంట తీసుకెళ్లండి, మీ వేలితో మీరు చూసి కొనొద్దు. షాపతను ఖాళీ అని చెప్పినా సరే తెరిచి ఆరు గదులూ కళ్లతో చూశాకే ఆమె చేతికివ్వండి.

ఆమె పిడిని పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి గీత ట్రిగ్గర్ మీదకి రావాలి. వేలి కొన మాత్రమే అందితే పిడి ఆమెకి లావు, బలం చాలదు. ట్రిగ్గర్ మెల్లగా నొక్కిస్తూ ముందున్న బొడిపెని చూడండి: సుత్తి పడే క్షణంలో అది గంతేస్తోందా, నిలకడగా ఉందా? మూడు ముక్కల్లో ఏది ఎక్కువ నిలకడగా ఉందో అదే ఆమెది. బొడిపె నల్లగా ఉండి కనపడకపోతే తెల్ల నెయిల్‌పాలిష్ చుక్క ఒకటి పెడితే చాలు, దానికోసం గన్‌స్మిత్ అక్కర్లేదు.

ధర గురించి. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. నెట్‌లో దొరికే పాత ధరలు, పైన రాసిన విడుదల నాటి ధరలు కూడా, ఇప్పటి బిల్లుతో కలవవు. పన్నుతో కలిపి ఎంతో రాసిమ్మని ఇద్దరు డీలర్లని అడగండి.

చవకగా కావాలంటే లైసెన్సు ఉన్న ఇంకొకరి దగ్గర వాడిన మార్క్-3 తీసుకోవడం మంచి దారి. అమ్మేవాళ్లు ముందుగా పోలీసులకి రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి, ఆ రసీదు చూడకుండా డబ్బులివ్వొద్దు. విరిచి తెరిచే రివాల్వర్లకి వయసుతో వచ్చే జబ్బు కీలు అరగడం. మూసి ఉంచి ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో పిడి పట్టుకుని పక్కలకి ఊపండి. టకటకమని ఆడితే వదిలేయండి. తర్వాత ఖాళీ రివాల్వర్ సుత్తిని మెల్లగా వెనక్కి లాగండి. సుత్తి చివరికి చేరేలోపే సిలిండర్ తన చోట బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే గది, గొట్టం ఒకే వరుసలో లేవని అర్థం, సీసం పక్కలకి చిమ్ముతుంది.

తూటాలు కొనేటప్పుడు డబ్బా మీద ".32" అని చూసి సరిపెట్టుకోకండి. రివాల్వర్ తూటా తొడుగు పొడవు దాదాపు 23 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది 17. రెండిటి మీదా .32 అనే ఉంటుంది. పొట్టిది రివాల్వర్ గదిలో దూరిపోతుంది కూడా, కానీ దాని లోపలి ఒత్తిడి ఎక్కువ, ఆ రివాల్వర్ దానికోసం కట్టింది కాదు. ఒకేసారి ఎన్ని, ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్నాక తుపాకీని లైసెన్సు అధికారికి చూపించి నంబరు ఎక్కించుకోవడం మర్చిపోవద్దు.

నేర్పడం

మొదటి నెల తూటాలు అసలు వద్దు. రోజూ పది నిమిషాలు, ఖాళీ రివాల్వర్, గోడ వైపు, తూటాలు వేరే గదిలో. ఇరవై నొక్కులు చాలు, వేలు నొప్పెడితే ఆపేయాలి. పెద్దవాళ్లు చేసే రెండు పొరపాట్లు మొదటి రోజే సరిదిద్దాలి. ఒకటి, ఎడమచేతి బొటనవేలునో చూపుడువేలునో సిలిండర్ ముందుకి పెట్టడం. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి వేడి గాలి కత్తిలా కొడుతుంది. రెండోది, ఒకసారి నొక్కాక ట్రిగ్గర్‌ని పూర్తిగా ముందుకి వదలకుండా మళ్లీ నొక్కడం. వేలు అలిసినప్పుడు ఇదే జరుగుతుంది, ట్రిగ్గర్ రాయిలా బిగుసుకుంటుంది లేదా సిలిండర్ ఒక గది దాటేస్తుంది. "పూర్తిగా వదులు, మళ్లీ నొక్కు" అని పక్కన కూర్చుని చెబుతూ ఉండాలి.

తర్వాత రేంజి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా సంస్థ షూటింగ్ రేంజి ఉంది. సొంత రివాల్వర్‌తో సాధనకి వాళ్ల నియమాలేంటో ముందే కనుక్కుని వెళ్లండి. అయిదు నుంచి ఏడు మీటర్ల దూరం, ఒక్కోసారి పాతిక తూటాలకి మించొద్దు. చెవులకి రక్షణ తప్పదు, వినికిడి యంత్రం పెట్టుకునే వాళ్లు దాన్ని తీసి చెవులు మూసే మఫ్ పెట్టుకోవాలి. శబ్దం మామూలు కన్నా నీరసంగా వస్తే అక్కడితో ఆపేయాలి. మందు సరిగ్గా కాలక గుండు గొట్టంలోనే ఆగిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం చీలుతుంది.

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. దానికి హద్దులూ అక్కడే ఉన్నాయి. గొలుసు తెంపుకుని పారిపోతున్న వాడి వీపు మీద పేల్చడం ఆ హక్కు కిందకి రాదని ఆమెకి తెలుగులో, నిదానంగా, లైసెన్సు వచ్చే ముందే చెప్పండి. పెళ్లిలో గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

ఇంట్లో, ఊరెళ్లినప్పుడు

బీరువా వద్దు. బీరువా తాళాలు ఎక్కడుంటాయో ఇంట్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. గోడకి బోల్టులతో బిగించిన చిన్న లాకరు, ఆమె ఒక్కదానికే తెలిసిన నంబరు. తూటాలకి వేరే తాళం. మనవలు వేసవి సెలవులకి వచ్చే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. తలగడ కింద, పూజ గదిలో, బియ్యం డబ్బాలో అన్న ఆలోచనలు ఆమె నోట వస్తే లైసెన్సు దరఖాస్తు అక్కడే ఆపేయండి. తోలు కవరులో పెట్టి లాకరులో పడేయకూడదు, వానాకాలంలో తోలు తేమ పీల్చుకుంటుంది, రెండు నెలల్లో ఉక్కు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. పలచగా నూనె రాసిన గుడ్డ చాలు, నెలకోసారి తుడవాలి. నూనె తూటాలకి తగలనీయకూడదు, అడుగున ఉన్న రసాయనంలోకి దిగి పేలకుండా చేస్తుంది.

లైసెన్సు తెలంగాణ వరకే చెల్లితే విజయవాడలో కూతురింటికి దాన్ని తీసుకెళ్లకూడదు, అది వేరే రాష్ట్రం. అమెరికాకి ఆరు నెలలు వెళ్తుంటే లాకరులో వదిలి వెళ్లొద్దు. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఎన్నికలు ప్రకటించినప్పుడు కూడా ఇలాగే అప్పగించమని పిలుపు వస్తుంది. తిరిగి తెచ్చుకునేటప్పుడు రసీదు లేకపోతే రోజులు తిరగాలి కాబట్టి దాన్ని లైసెన్సు పుస్తకంలోనే పిన్ను చేసి పెట్టుకోండి.

చివరగా, ఇంట్లో నాన్నగారి రివాల్వర్ ఉంటే కొత్తది ఎందుకు అన్న ప్రశ్న చాలా కుటుంబాల్లో వస్తుంది. 2016 ఆయుధాల నియమాల్లో దానికి దారి ఉంది: లైసెన్సుదారు పోయాక, లేదా ఆయనకి డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లు ఉన్నా, వారసుల పేరు మీదకి లైసెన్సు కోరవచ్చు. అయితే లైసెన్సు ఉన్న మనిషి పోయిన రోజు నుంచి ఆ రివాల్వర్ ఇంట్లో ఉండటానికి వీల్లేదు, ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పగించాలి. కర్మకాండల హడావిడిలో ఇది అందరూ మర్చిపోతారు. పాత లైసెన్సు మీద యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లైసెన్సు ఆమె పేరు మీదకి వచ్చాక ఆ రివాల్వర్‌కీ పైన చెప్పిన పరీక్షలే పెట్టండి, కీలు, సిలిండర్, ట్రిగ్గర్. ఆయన చేతికి సరిపోయింది ఆమె వేలికి సరిపోవాలని లేదు. దానితో పాటు డబ్బాలో మిగిలిన పాత తూటాలు మాత్రం వాడొద్దు, డీలరుకి అప్పగించి కొత్త డబ్బా తీసుకోండి.